ముప్పై దాకా

ఆదివారం. చిత్తూరు గాలంతా తోతాపురి.
మురకంబట్టు దారిలో గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు
రాత్రి నుంచీ లారీలు, ట్రాక్టర్లు,
కాయల మీదే తువ్వాలు పరిచి పడుకున్న మనుషులు.
వాళ్ళను దాటితే రేకుల షెడ్డు. ఆరు లేన్లు. నాది చివరిది,
ఈగలెక్కువని ఎవరూ తీసుకోరు.

మూడో సిరీస్‌లో నాలుగో తూటా.
ఊపిరి సగంలో ఆపి
వేలు మెల్లగా వెనక్కి తెచ్చి,

టిక్.

అంతే. ఆగిపోయిన గోడగడియారం
ఒక్కసారి మాట్లాడి ఊరుకున్నట్టు.

"దించొద్దు," వెనక నుంచి చెంగల్రాయులు సారు.
"గొట్టం అట్లే టార్గెట్ దిక్కు ఉండనీ. ముప్పై లెక్కబెట్టు.
కొన్నిటికి కోపం ఆలస్యంగా వస్తాది."

ముప్పై ఎంత పొడుగో అంతవరకూ తెలీదు నాకు.
ఆర్టీసీ డిపోలో పదకొండేళ్ళు టికెట్ల లెక్క చూసినదాన్ని
పదిహేడు దగ్గర తడబడ్డాను.
ఈగ ఒకటి మణికట్టు మీద వాలి, నడిచి, పోయింది.
ముప్పై.
స్లైడు లాగితే తూటా చాప మీద పడింది,
చల్లగా, ఏమీ ఎరగనట్టు.

మొదట తూటాల్ని తిట్టాను. డబ్బా మార్చాను.
కొత్త డబ్బాలోనూ ఐదోది టిక్.
మేగజీన్‌ని తిట్టాను, ఉక్కను తిట్టాను.
సారు మాట్లాడకుండా పేలనివన్నీ ఏరి
టిఫిన్ మూతలో తలకిందులుగా నిలబెట్టారు. ఏడు.
దారం కట్టిన కళ్ళద్దాలు సర్దుకుని
ఒక్కోదాని అడుగూ చూపించారు.

"దీనికి మందు నడుమ ఉండదు మా, అంచు చుట్టూ ఉంటాది,
దోసె చుట్టూ పోసిన నూనె మాదిర.
ఒకటే పేలకపోతే అంచులో మందు చేరని జాగా అనుకోవచ్చు.
ఏడిటికీ గీత ఇట్ల గోటితో గిల్లినట్టుంటే
తూటా ఏం జేస్తాది? దానికి దెబ్బే తగల్లా."

ఒకదాన్ని సగం తిప్పి మళ్ళీ పెట్టి కాల్చారు. పేలింది.
"చూసినావా, పాపం, అది సిద్ధంగానే ఉండింది."

బల్ల మీద గుడ్డ పరిచి పిస్తోలు విప్పారు.
పిన్ను దూరే సన్నటి కాలవలో
మసి, మైనం, ఇత్తడి పొట్టు,
అన్నిటినీ పట్టి ఉంచిన నల్లటి జిగురు.
అది నేను వారం వారం పోసిన కుట్టుమిషన్ నూనె.
పసిబిడ్డకు తలంటినంత ప్రేమగా పోశాను.
"నూనె ఎక్కువైతే వత్తే మునిగిపోతాది" అన్నారు,
పుల్లకు గుడ్డ చుట్టి పెట్రోల్లో ముంచి తుడుస్తూ.
స్ప్రింగును కొత్తదాని పక్కన పెడితే పొట్టిగా తేలింది.
మార్చారు. కాలవను పొడిగా వదిలేశారు.
యాభై తూటాలు. యాభై చప్పుళ్ళు.

సంచి సర్దుకుంటుంటే ఆపారు.
"దాని జబ్బు కుదిరింది. ఇంక నీది."

టిక్కుమన్నప్పుడల్లా ఆయన చూసింది పిస్తోలును కాదట.
రాని చప్పుడికి ముందే బెదిరి
నా మణికట్టు తల వంచుకుందట, ఏడుసార్లూ.
పేలినప్పుడు ఆ వంపును పేలుడే దాచిపెట్టేది.
రెండేళ్ళుగా నా తూటాలు కిందికి, ఎడమకి పడుతుంటే
సైటును, వెలుతురును, బూట్లను
మార్చుకుంటూ వచ్చాను నేను.

అటు తిరిగి మేగజీన్ నింపారాయన.
ఐదింటిలో ఎన్ని ఉత్తవో చెప్పలేదు.

పేలింది.
టిక్, వంగింది.
పేలింది. పేలింది.
టిక్. మళ్ళీ వంగింది, వేలెడంత.
"దాన్ని చూడు, దొంగ" అని నవ్వారు.

సాయంత్రానికి గేటు ముందు వరస సగం కరిగింది.
రేటు తేలిందో ఏమో, ఎవరో గట్టిగా కేకేస్తున్నారు.
చివరి మేగజీన్. వేలు వెనక్కి వచ్చింది,
ఎప్పుడొచ్చిందో నాకే తెలీదు.

టిక్.

ముందు సైటు నిలబడిన చోటే నిలబడి ఉంది.

ఉత్తదే అయ్యుంటుంది.
అయినా చెయ్యి దించలేదు.
ఒకటి. రెండు.
మూడు.